శ్రావణంలో మూసిన గది

గాలిమేడలు కట్టేవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. గాలి చొరబడని మేడలు కడతానని బయల్దేరింది మాత్రం నేనొక్కణ్ణే. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయిన రోజులవి. చిలకలూరిపేటలో కాస్త ఉన్నవాళ్లు పడగ్గదులకు ఏసీలు పెట్టించుకుంటున్నారు. చల్లదనం కిటికీ సందుల్లోంచి రోడ్డు మీదికి పోయేది, కరెంటు బిల్లు మాత్రం తిన్నగా ఇంటికే వచ్చేది. చిన్నపాటి సివిల్ ఇంజినీర్ని. ఎక్కడో చదివి, కొత్త ఇళ్లకు గాలి పరీక్ష చేయడం మొదలుపెట్టాను.

నా సరంజామా అంతా ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, దాన్ని బిగించిన ప్లైవుడ్ చెక్క, ఒక అగరొత్తుల కట్ట. చెక్కను గది గుమ్మంలో ఇరికించి ఫ్యాను వేస్తే లోపలి గాలి బయటికి పోతుంది. బయటి గాలి సందు దొరికిన చోటల్లా లోపలికి దూరుతుంది. కిటికీ అంచు వెంట అగరొత్తి తిప్పితే సందు ఉన్నచోట పొగ వంకర పోతుంది, లేనిచోట నిటారుగా నిలబడుతుంది. సాంబ్రాణి వేసేవాణ్ణనుకుని ఒకావిడ చేటలో బియ్యం తెచ్చింది. వద్దనడానికి చాలాసేపు పట్టింది.

ఏసీ లేకుండా నన్ను పిలిచినవాడు ఒకే ఒక్కడు. జిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన పెద్దాయన. పత్తి నుసి ఆయన ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాడు. ఎదురుగా మిరపకాయలు ఎండబోసే కల్లాలు.

"ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఘాటుకి ఊపిరాడదు బాబూ," అన్నాడు. "చీరాల్లో మా అమ్మాయి ఇంటికి పోయి పడుంటన్నా ఏటా. అల్లుడింట్లో ఎన్నాళ్లుంటాం? ఆ మూడు నెల్లు నా ఇంట్లో నేను పడుకోడానికి ఒక్క గది చెయ్యి, చాలు."

"చేస్తాను బాబాయ్ గారూ," అన్నాను. అంత గట్టిగా నేను అంతకుముందు ఎవరికీ మాటివ్వలేదు.

శ్రావణంలో గృహప్రవేశం ముహూర్తం. అది దాటితే భాద్రపదం శూన్యమాసం, ఆపైన ఆయన పేరుకు ముహూర్తాలు లేవన్నారు. అందుకని అంతా హడావిడి. తలుపులకూ కిటికీలకూ తెచ్చిన వేపచెక్క ఇంకా పచ్చిది. వడ్రంగి మేస్త్రి చిత్రిక పడుతూనే గొణిగాడు.

"ఇంజినీరు గారూ, ఇది వానల్లో ఉబ్బుద్ది, ఎండలకి లాగుద్ది. మీ పరీక్షేదో మార్చిలో పెట్టుకోండి."

"మేస్త్రీ, నీ చెక్క కన్నా నీ నోరే ఎక్కువ ఉబ్బింది," అన్నాను. అక్కడున్న నలుగురూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు.

గృహప్రవేశానికి ముందురోజు సన్నగా జల్లు పడుతోంది. అగరొత్తితో గదంతా తిరిగాను. రెండు చోట్ల వంకర పోయింది, లప్పం పెట్టించాను. ఆ తర్వాత పొగ ఎక్కడా కదలలేదు. నాకు గర్వం పెరిగింది. "అగరొత్తి దేవుళ్లకి, మనకి ఎండుమిరపకాయలే పరీక్ష," అని కిటికీ కింద బయట కుంపటి పెట్టించి గుప్పెడు కాయలు వేయించాను.

"లోపల నేనే కూర్చుంటా," అన్నాడు పెద్దాయన. "నా కోసం కట్టిన గదేగా!"

బయట మేస్త్రి తుమ్మాడు, పక్కింటివాళ్లు తుమ్మారు, కొరివితో తల గోక్కున్నట్టు అందరికన్నా ఎక్కువ నేను తుమ్మాను. లోపల పెద్దాయన కిటికీ అద్దంలోంచి మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు.

"గదిలోకి ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగానే తగిలిందయ్యోయ్," అంది ఆయన భార్య. అంత ముచ్చటగా నా పని ఎవరూ మెచ్చుకోలేదు.

వెళ్లేటప్పుడు "మార్చిలో మళ్లీ వచ్చి చూస్తాను," అన్నాను. అది మేస్త్రి మాటకు విలువిచ్చి కాదు, మర్యాదకి. మార్చిలో గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్ పని తగిలింది. ఇవాళా రేపూ అంటూ ఏప్రిల్ చివరికి వెళ్లాను.

ఇల్లు తీసే ఉంది. పెద్దావిడ ఒక్కతే ఉంది. "ఆయన చీరాల పోయి రెండు నెల్లయింది బాబూ," అంది మామూలుగా.

గదిలోకి వెళ్లాను. చెక్క ఎండి లాగేసింది. కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య నా వేలు దూరేంత సందు. అక్కడక్కడా కాదు, నాలుగు వైపులా. ఆ సందులన్నిట్లో దూది కూరి ఉంది. పీచు పీచుగా విడదీసి, చాకు మొనతో వరసగా నొక్కిన దూది. ముప్పై ఏళ్లు దూది పట్టిన చెయ్యి తప్ప ఇంకొకటి అంత ఒద్దికగా కూరలేదు. బయటివైపు అంతా ఎర్రగా దుమ్ము పట్టి ఉంది.

"వారం రోజులు కూర్చుని పెట్టాడు. పెడతా దగ్గాడు, దగ్గతా పెట్టాడు. ఇక వల్లగాక పోయాడు."

"నాకు ఫోన్ చేయొచ్చుగా పిన్నిగారూ?"

"నేనూ అన్నా. ఆ అబ్బాయి అంత సంబరపడి కట్టాడు, చిన్నబుచ్చుకుంటాడులే అన్నాడు."

ఆ మర్నాడే మేస్త్రిని పిలుచుకొచ్చాను. దారి పొడుగునా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రెక్కలు మార్చి, రబ్బరు పట్టీలు వేసి, ఎండలోనే పరీక్ష చేశాం. పొగ నిలబడింది.

పెద్దాయన తిరిగొచ్చి చూసుకున్నాడు, మెచ్చుకున్నాడు. కానీ మళ్లీ కల్లాలు ఎర్రబడేదాకా ఆయన లేడు. కార్తీకంలోనే పోయాడు. ఆ ఇంట్లో ఆయన ఒక్క మిరప కారు కూడా పూర్తిగా గడపలేదు.

అయినా మార్చిలో వెళ్లాను. ఈసారి మాట తప్పకూడదని. అగరొత్తి వెలిగించి కిటికీ దగ్గర పట్టుకున్నాను. పెద్దావిడ మంచం మీద కూర్చుని చూస్తోంది.

"నిలబడిందా బాబూ?"

"నిలబడింది పిన్నిగారూ."

ఆవిడ లేచొచ్చి గడియ తీసి, రెక్కలు రెండూ బార్లా తెరిచింది. "మూసుంటే ఉక్కగా ఉంది. ఎవరి కోసం ఇంకా," అంది.

ఘాటు గుప్పుమని లోపలికొచ్చింది. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం తుమ్మాం. కళ్లలో నీళ్లు తిరిగితే ఇద్దరం మిరపకాయల్నే తిట్టుకున్నాం.