పుచ్చు గింజల ట్రే

ఫ్లోరిడాలో మా పక్కింటి ఆంటీ రిటైరైన వృక్షశాస్త్రవేత్త. పురుగు తొలిచిన మడచెట్ల గింజల నుంచి వచ్చే మొక్క ఎలా ఎదుగుతుందో చూడాలని ఆవిడ వరండాలో రెండు ట్రేలు పెట్టారు. ఎడమ ట్రేలో పుచ్చువి, కుడి ట్రేలో మంచివి. మిగిలిన మంచి గింజల్ని పక్కనున్న తొట్టిలో నాటారు. కూతురింటికి వెళ్తూ, "రోజూ నీళ్ళు పొయ్యమ్మా. ఇంకేం టచ్ చెయ్యకు" అని నాకు అప్పగించారు.

రెండు నెలలయ్యేసరికి పుచ్చువాటిలో సగం కుళ్ళిపోయాయి, తక్కినవి రెండాకులతో గిడసబారాయి. మధ్యలో ఓ వారం నేను నీళ్ళు పోయడం మరిచిపోయాను. ఆ సంగతి బయటపడుతుందని భయమేసింది. ఆవిడ మర్నాడు వస్తారనగా, పుచ్చు వంకాయలు ఏరి పారేసినంత తేలిగ్గా వాటిని పీకేసి, తొట్టిలోని మొక్కల్లో కొన్నిటిని ఎడమ ట్రేలో నాటేశాను.

ఆఫీసులో నా పని టెస్టింగ్. డేటా మార్చినవాళ్ళని మీటింగ్‌లో అందరిముందూ నిలదీస్తాను.

ఆంటీ వచ్చి ఒక్కో మొక్కనీ స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచారు.

"ఇన్నేళ్ళూ నేననుకున్నది తప్పమ్మా. పురుగు పట్టినా గ్రోత్ ఏం తగ్గలేదు చూడు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి మంచిది" అన్నారు.

పొద్దున సబ్బుతో రెండుసార్లు తోముకున్నా, ఆ చేతి గోళ్ళలో తొట్టి మట్టి ఇంకా ఉంది.