మంచినీళ్ల వాళ్లం మేము

మా ఇంటిపేరు మంచినీళ్ల. మా ముత్తాత పెద్ద బావి ఉన్న ఆసామి అని ఈ ముసలి వయసు దాకా మీసం మెలేసి చెప్పుకున్నాను. ఈ రోజు తర్లుపాడు పోయి తొంభై దాటిన మా మేనత్తను అడిగితే నవ్వింది.

"బావి యాడిదిరా? శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేటోళ్లకు కావడితో నీళ్లు మోసి పోసినాడు మా తాత."

నాకు రోషం వచ్చింది. "ఏందత్తా, నీళ్లు మోస్తే వచ్చిన పేరా మనది?" అన్నాను.

"మనం పెట్టుకున్న పేరు కాదు నాయనా, తాగినోళ్లు పెట్టినారు. బావులున్న ఆసాములను ఇప్పుడెవురు తలుచుకుంటున్నారు?" అని చెంబు చేతికిచ్చింది. "తాగు. మంచినీళ్లోళ్ల ముసలోడు నా ఇంటికొచ్చి దప్పికతో పోయినాడంటే నాకు పరువు తక్కువ."

చెంబు ఖాళీ చేసి మళ్లీ మీసం మెలేశాను, ఈసారి అబద్ధం లేకుండా. మీ ఇంటిపేరు ఎవరు పెట్టారో కనుక్కుని రాయండి. మా పేరుకంటే గొప్పది ఉంటే చూస్తాను.