పైకి చదవని తూకం

1956 జూన్‌లో మద్రాసు పెరంబూరులోని ఒక బాలికల హైస్కూలుకు నన్ను హెల్త్ విజిటర్‌గా వేశారు. లేడీ డాక్టరు ఏడాదికొకసారి వచ్చేవారు. మధ్యలో మూడు నెలలకోసారి పిల్లల ఎత్తు, బరువు చూసి హెల్త్ కార్డుల్లో ఎక్కించడం నా పని. బరువు తగ్గిన పిల్ల ఎవరైనా సరే, కార్డు మీద ఎర్ర పెన్సిలు గీత పెట్టి డాక్టరుకు పంపాలి.

నేను తూకం యంత్రం దగ్గర నిలబడి అంకె గట్టిగా చదివితే, వరండా చివర కూర్చున్న క్లాసు టీచరు రాసుకునేవారు. నా గొంతుకు మైకు అక్కర్లేదు. నాలుగో ఫారంలో రాజేశ్వరి అని పద్నాలుగేళ్ల పిల్ల, రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు గారి కూతురు, కాస్త బొద్దు. "నూట ఇరవై ఎనిమిది పౌన్లు" అని చదివాను. వరసలో కిసుక్కుమన్నారు. నేనైనా ఊరుకున్నానా? "మీ ఇంట్లో నెయ్యి బాగా పోస్తారేమే!" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు.

సెప్టెంబరులో ఆ పిల్ల నూట పదకొండు తూగింది. రూలు ప్రకారం ఎర్ర గీత పెట్టాలి. లావుపాటి పిల్ల తగ్గితే మంచిదేగా అనుకుని, "శభాష్!" అని కార్డు పక్కన పడేశాను. రాజేశ్వరి మొహం వెలిగిపోయింది. అది చూసి నేనూ మురిసిపోయాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మర్నాడు స్కూలు ఆయా మరియమ్మ నా గది గుమ్మంలో నిలబడింది. భర్త పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. వాషర్‌మెన్‌పేట నుంచి నడిచి వచ్చేది.

"నర్సమ్మా, ఒక సంగతి చెప్పాల. రాజేశ్వరి తన క్యారియరు దినామూ నాకే ఇచ్చేస్తా ఉండాది. జూలై నుంచి నా బిడ్డలు అదే తింటా ఉండారు. నిన్న మీరు శభాష్ అంటిరి కదా, ఇంక రాత్రి సాపాటు కూడా మానేస్తానంటా ఉండాది. పావం, పొద్దున మెట్లెక్కతా కండ్లు తిరిగి పడిందమ్మా."

ఈ మాట చెబితే తన పిల్లల నోటి దగ్గర కూడు పోతుందని ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

రాజేశ్వరిని పిలిపించి కంటి కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది. గీత పెట్టి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. తప్పు నాదేనని దారిలో చెప్పాను. ఆ పిల్ల ఏడుస్తూ ఒక్కటే అంది: "క్లాసులో నా పేరే లేదమ్మా. నూట ఇరవై ఎనిమిదీ, ఈడ రా, అంటా ఉండారు."

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం నా బల్ల దగ్గరే కూర్చుని తినేది. మొదట్లో మూడు ముద్దలు, మెల్లగా క్యారియరంతా. సంగతి విన్న రాజేశ్వరి తల్లి, మరియమ్మ పిల్లల కోసం ఇంకో గిన్నె కట్టి పంపసాగింది. ఆ తల్లికీ దణ్ణం పెట్టాలి.

డిసెంబరు తూకానికి యంత్రాన్ని గోడవైపు తిప్పాను. అంకెను చీటీ మీద రాసి, మడిచి టీచరుకు పంపాను. ఆలస్యమవుతోందని ఆమె విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను.

నాకు పని నేర్పిన డాక్టర్లు చాలామంది. వాళ్లెవరూ నేర్పనిది మరియమ్మ వల్ల నేర్చుకున్నాను. సర్వీసు ముగిసేదాకా పిల్లల పేర్లు గట్టిగా పిలిచాను, అంకెలు మాత్రం చీటీకే చెప్పాను.