ర్యాంపు వయసు

అమెరికాలోని పాసడీనాలో 1911లో కట్టిన ఆ ఇల్లు వెర్డెల్ పెట్‌వే కొనేనాటికి దాని చెక్కపనంతా తొమ్మిది పూతల రంగు కింద సమాధి అయి ఉంది. బస్సు నడిపి వచ్చిన సాయంత్రాలు ముప్ఫై ఏళ్లపాటు ఆమె ఆ రంగు గీకింది. ఇంటి మొదటి దస్తావేజులో 'తెల్లజాతివారు తప్ప ఇక్కడెవరూ కాపురం ఉండరాదు, నౌకర్లయితే అభ్యంతరం లేదు' అని ఉంది. నల్లావిడ వెర్డెల్ ఆ కాగితాన్ని పారేయలేదు. పటం కట్టించి కక్కసుగోడకు తగిలించింది. పరిరక్షణ అంటే అదే మరి!

తర్వాత ఆ వీధికి గొప్పదనం పట్టింది. పాత ఇళ్ల పరిరక్షణ సంఘం వెలిసింది. ఏటా ఓ ఆదివారం జనం చెప్పులకు గుడ్డ తొడుగులు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, దూలాలు చూసి నిట్టూరుస్తారు. సంఘం ఒప్పుకోకపోతే వీధివైపు మేకు కూడా దిగకూడదు.

అంతలో చక్కెర జబ్బు ఆమె భర్త లూషస్ కాలు పట్టుకుపోయింది. వడ్రంగి కదా, పీట మీద కూర్చునే చెక్కలు కోసుకుని, వరండాకు చక్రాల కుర్చీ దిగే ర్యాంపు కట్టుకున్నాడు. అనుమతి మాత్రం అడగలేదు.

సంఘం అధ్యక్షురాలు మార్జరీ హాల్డేన్ పరిశీలనకొచ్చింది.

"ఇది 1911 నాటిది కాదు కదమ్మా! ఇంటి స్వరూపమే చెడింది. తీసేయాల్సిందే."

"మరి మా ఆయన్ని కిటికీలోంచి విసరమంటారా? కిటికీ 1911దే లెండి."

"మెల్లగా విసరవే, అద్దం కూడా పాతదే," అన్నాడు లూషస్.

లోపల భోజనాల గదిలో గోడలోకి అమర్చిన అల్మరా చూడగానే మార్జరీ ఎప్పటిలాగే చేతులు జోడించినంత పని చేసింది.

"ఒక్క మేకు లేదు! ఆనాటి చెయ్యి! అలాంటి పనివాళ్లు ఇక పుట్టరు."

"పుట్టాడమ్మా. అదిగో, కుర్చీలో వేరుశనక్కాయలు నములుతున్నాడు."

మార్జరీ జాలిగా నవ్వింది. వెర్డెల్ సొరుగు లాగి, చెంచాలన్నీ బల్ల మీద కుమ్మరించి, దాన్ని బోర్లించింది. అడుగున పెన్సిలు రాత: 'లూషస్ పెట్‌వే, 1974. హేజెల్ పిన్ని వంటింటి తలుపు.'

అసలు అల్మరాను పాత యజమాని టీవీ పెట్టుకోవడానికి పీకేశాడు. హేజెల్ పిన్ని ఉన్న నల్లవాళ్ల వీధినేమో పెద్దరోడ్డు కోసం కూల్చేశారు. బుల్డోజరు కంటే ముందు లూషస్ ఆ ఇంటి తలుపులు మోసుకొచ్చి, ఆ చెక్కతోనే ఈ అల్మరా చేశాడు. ఆ వీధిని కాపాడాలని మాత్రం అప్పుడు ఏ సంఘానికీ తోచలేదు.

వెర్డెల్ సుత్తి అందుకుంది. "రూలంటే రూలే. ముందు దీన్ని పీకుదాం, తర్వాత ర్యాంపు."

"అయ్యయ్యో, వద్దు! మా కరపత్రం మీద బొమ్మ ఇదే!" మార్జరీ చేతులు చాపి అల్మరాకు అడ్డం నిలబడింది.

నెల తిరక్కుండా సంఘం కాగితం పంపింది: అల్మరా, ర్యాంపు ఒకే శిల్పి పనితనమనీ, రెండూ ఉండవలసినవేననీ.

ఆ ఏటి ఆదివారం గుడ్డ తొడుగుల జనం ర్యాంపు మీద నిలబడి నిట్టూరుస్తుంటే, పైనుంచి కుర్చీ దొర్లించుకుంటూ లూషస్ దిగాడు.

"జరగండి బాబూ, జరగండి! నేను చర్చికెళ్లాలి."