ఓనరు రబ్బరు చెప్పులు

గోపాలపట్నంలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు మా వాటాలోకి ఎప్పుడొచ్చినా రబ్బరు చెప్పులు విప్పేవాడు కాదు. మేడ మీద తన గుమ్మం బయట మాత్రం వాటిని బుద్ధిగా వదిలేవాడు. అమ్మ పసుపు రాసిన గడప దాటి, దేవుడి గూడు ముందు నుంచే టపటపలాడించుకుంటూ మా వంటింట్లోకి వచ్చేవాడు. ఇప్పుడు ఆయన మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ఆ నీలం చెప్పులు మాత్రం గుర్తున్నాయి.

ఆ పాత ఇంటికి వైరింగంతా ఆయనే సొంతంగా మార్చాడు. వానాకాలం గోడలు చెమ్మగిల్లితే మా ఫ్రిజ్ ముట్టుకోగానే చెయ్యి జివ్వుమనేది. ఎలక్ట్రీషియన్ని పిలుస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. స్విచ్‌బోర్డును ముద్దుగా తట్టి, "ఏటీ అవదమ్మా! వైరింగంతా నానే సేసాను కదా. మీకే బయమెక్కువ" అనేవాడు.

ఒకరోజు ఆ ఫ్రిజ్ అమ్మను విసిరికొట్టింది. వంటగట్టుకు తగిలి ఆమె మోచెయ్యి చీరుకుపోయింది. నా అరుపులకు ఓనరు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. ఆ కంగారులో ఉత్త కాళ్లతోనే వచ్చేశాడు.

"ఏటీ అవదన్నారు కదేటి! మీరే ఓపాలి ఆ ఫ్రిజ్ తలుపు తియ్యండి, సూద్దాం" అన్నాను.

ఆయన ఫ్రిజ్ వైపు చెయ్యి చాపాడు. తన కాళ్లకేసి చూసుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"ఉండమ్మా, సెప్పులేసుకొచ్చేత్తాను."

అన్నాళ్లూ అది పొగరనుకుని తిట్టుకున్నాను. పొగరే అయ్యుంటే ఈపాటికి క్షమించేసేదాన్ని.