అమ్మకు కోడల్ని చూపించిన రోజు

డెబ్బైల నాటి మాట. పెళ్లైన కొత్తలో మా ఆవిడ కరుణను సమాధుల పండుగకి, నేను పెరిగిన విజయవాడ వన్ టౌన్ తీసుకెళ్లాను. ఐదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. చదువు లేని లోటు నోటితో పూడ్చేవాణ్ణి. "ఈ చర్చిలోనే ప్రసంగం మధ్యలో గురకపెట్టి అయ్యగారి చేత చెవి మెలిపెట్టించుకున్నా" అంటూ రెండు చర్చిలు తిప్పి, అమ్మ సమాధి చూపించడానికి సమాధుల తోటకు తీసుకెళ్లాను.

అక్కడ అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి పూలు పెడుతున్నారు. నాకు సరిగ్గా గుర్తులేకపోయినా, తెల్లగా మెరుస్తున్న ఒకదాన్ని చూపించి "ఇదే అమ్మ" అనేశాను. కరుణ మోకరించి, "అత్తయ్యా, మీ కోడల్ని వచ్చానండీ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంతలో పూలబుట్టతో ఒక పెద్దావిడ వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు? అది మా ఆయన సమాధి. నాకు తెలియని కోడలు ఎక్కణ్ణుంచి ఊడిపడిందే?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. నేనూ నవ్వేసి, "సున్నం కొడితే అందరూ ఒకేలా ఉన్నారు కదండీ!" అన్నాను.

కరుణ నవ్వలేదు. "మీరు ఆఖరుసారి ఎప్పుడొచ్చారండీ?" అని అడిగింది.

అమ్మను మట్టి చేసిన రోజు తర్వాత నేను మళ్లీ రానేలేదు. ఆ మాట దాటేసి, పక్క వరసలో వెతకడం మొదలుపెట్టాను.

చాలాసేపు వెతికాక, గోడవార పిచ్చిమొక్కల మధ్య అమ్మ దొరికింది. కరుణ కొంగు బిగించి, నన్ను చెయ్యి వెయ్యనివ్వకుండా మొక్కలన్నీ పీకి, కొవ్వొత్తి వెలిగించింది.

"మీ అబ్బాయి కోసం చూడకండి అత్తయ్యా. ఇకమీదట ఏటా నేనొస్తాను."

అందులో దెప్పిపొడుపు లేదు. అందుకే, అమ్మ ముందు ఎక్కడ నిలబడాలో నాకు తెలియలేదు.