పెళ్లిరోజులున్నవాళ్లు ముందుకు రావాలి

"చెల్లెలిగా అయితే నేను రాను. రానంటే రాను."

"పోనీ అక్కగా రా. నీకంటే రెండేళ్లు చిన్నదాన్నేగా నేను."

"ఇన్నేళ్లూ నీ పక్కన పడుకుని నీ గురక విన్నది అక్కగానా? అయ్యగారికి లేకపోతే నీకైనా ఉండాలి సిగ్గు."

"గురక నాది కాదు, నీది. మనిషి సగమైనా ఇస్తానంటున్నాడు కదే, పుచ్చుకో. మొత్తం ఇచ్చేదాకా కూర్చుంటే ఇద్దరం సమాధుల దొడ్లో ఉంటాం."

"సగం ప్రార్థన ఎవరిక్కావాలి? పెళ్లాన్ని నలుగురిలో గాడిదా అని పిలిచే జయపాల్‌కి నిండుగా చేస్తారు, నాకు సగమా?"

"అదీ సంగతి. నీకు కావాల్సింది ప్రార్థన కాదు, జయపాల్‌తో సమానం."

"కావాలి. తప్పా?"

ఆ తర్వాత స్టీలు గిన్నె ఏదో కింద పడింది. విసిరారో, జారిందో.

గోడకి ఇవతల నేను అన్నం కలుపుకుంటూ వింటున్నాను. పటమటలో ఒకే ఇంటిని రెండు పోర్షన్లు చేసి మాకొకటీ వాళ్లకొకటీ ఇచ్చాడు ఇంటాయన. మధ్య గోడ పైదాకా లేదు, రేకుల కింద జానెడు సందు. వాళ్లింట్లో పోపు వేస్తే మా అమ్మ తుమ్ముతుంది. వినకుండా ఉండాలంటే ఊరు మారాలి. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆ తగువు వింటుంటే నాకు కుళ్లు పుట్టింది. డిగ్రీ మధ్యలో వదిలేసి, హైదరాబాదులో కొన్నాళ్లు, వైజాగులో కొన్నాళ్లు ఏదో ఒకటి చేసి, ఎక్కడా నిలవలేక తిరిగొచ్చినవాణ్ణి. నా మీదకి గిన్నె విసిరేంత తీరిక ఈ లోకంలో ఎవరికీ లేదు.

రానంటున్న మనిషి అమలమ్మ ఆంటీ. సర్దిచెబుతున్నది తెరేసమ్మ ఆంటీ.

అమలమ్మ ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. జాకెట్లు ఎవరైనా కుడతారు, ఆమెకి పేరొచ్చింది మాత్రం పెళ్లికూతుళ్ల వెయిల్స్ వల్ల. వన్‌టౌన్ నుంచి నెట్టు గుడ్డ తెచ్చి, అంచుకి తెల్లపూసలు కుట్టి, తెల్లచీర మీదకి తల నుంచి మడమల దాకా జారేటట్టు చేస్తుంది. కంకిపాడు, ఉయ్యూరు నుంచి కూడా పిల్లల్ని తీసుకొస్తారు. తెరేసమ్మ ఏలూరు రోడ్డులో ఒక నర్సింగ్ హోములో నర్సు. కొత్తగా కుట్టించిన యూనిఫాం చంకల దగ్గర బిగుతైందని తగువుకి వచ్చిందట మొదటిసారి, తొంభై ఒకటిలో. ఆ నవంబరులోనే ట్రంకుపెట్టె తెచ్చుకుంది. తగువు ఇంకా తేలలేదు, మనిషీ తిరిగి వెళ్లలేదు.

అమలమ్మది పామర్రు దగ్గర పల్లె, పుట్టుకతో ప్రొటెస్టెంటు. తెరేసమ్మది గుణదల, ఆర్‌సీఎం, అంటే కేథలిక్కు. మొహాల్లో పోలిక లేదు, ఇంటిపేర్లు వేరు. అయినా మా సంఘం అంతా అక్కాచెల్లెళ్లు అనే అంటుంది. అలా అనుకుంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మా అమ్మకి అసలు సంగతి తెలుసు. తెలిసినట్టు పైకి తేలనివ్వదు.

అమలమ్మ సాధువు అని ఎవరైనా అంటే ఆమె దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లు నవ్వుతారు. ఆమెకి అందరి మీదా కుళ్లే. చివరికి మేరీమాత మీద కూడా. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి తెరేసమ్మ కొండెక్కుతుంది. అమలమ్మ సగం మెట్ల దాకా వెళ్లి, ఇక పైకి మావాళ్లు ఒప్పుకోరని చెప్పి, చెప్పులకి కాపలా కూర్చుంటుంది. తెరేసమ్మ దిగి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, "ఏం చెప్పావే అంతసేపు? నాకు దాచేవన్నీ ఆమెకి చెప్తావు" అని ఇంటిదాకా సణుగుడు.

అయితే అసలు కుళ్లు ఆదివారాలది.

మా చర్చిలో ప్రకటనలయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కళ్లజోడు తీసి ఒక మాట అంటారు. "ఈ వారంలో పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవాళ్లు ముందుకు రావాలి." మొగుళ్లు మగవాళ్ల వైపు బెంచీల నుంచి, పెళ్లాలు ఆడవాళ్ల వైపు బెంచీల నుంచి లేచి, మధ్య నడవలో కలుసుకుని ముందుకి నడుస్తారు. ఆమె కొంగు సర్దుకుంటుంది, ఆయన జేబులో కానుక కవరు వెతుక్కుంటాడు. అయ్యగారు ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి పేరుపేరునా ప్రార్థిస్తారు. తర్వాత సంఘమంతా లేచి దీవెన పాట పాడుతుంది. ఆ పాటలోనే వాళ్లు తిరిగి బెంచీల దాకా నడిచొస్తారు. ఎంతసేపు పని! అంతసేపూ అమలమ్మకి నరకం.

ఆడవాళ్ల వైపు చివరి బెంచీ కొసన ఆమె కూర్చుంటుంది. డ్యూటీ లేని ఆదివారం తెరేసమ్మ ఆమె పక్కన. మగవాళ్ల వైపు చివరి బెంచీ కొసన నేను. నడవ దాటి ఆమె గొణుగుడు నాకు వినబడుతుంది.

"వీళ్లు చెరో పొయ్యి మీద వండుకుంటారురా. ఇవాళ చూడు, భుజాలు రాసుకుంటున్నారు." ఇంకో జంట లేస్తుంది. "ఆ మహాతల్లి వెయిలు నాతో మూడుసార్లు విప్పించింది. అంత చేసి ఈ మొహం కోసమా?"

నేను నవ్వాపుకోలేక పాటల పుస్తకం అడ్డం పెట్టుకునేవాణ్ణి. జెస్సికా, జయపాల్ లేచినప్పుడు మాత్రం నవ్వు రాదు. జెస్సికా నా కాలేజీలో చదివింది. నాకు చెప్పకుండా పెళ్లి చేసుకుంది అనడానికి లేదు, నేనే ఆమెతో ఏమీ చెప్పలేదు. జయపాల్‌కి బ్యాంకు ఉద్యోగం, బెల్టు మీదకి జారిన పొట్ట. వాడి చెయ్యి ఆమె వీపు మీద పడగానే నా ఒళ్లు మండిపోతుంది. ఒకసారి అమలమ్మ నా మొహం చూసి అంది. "నీకు ఆ పిల్ల కావాలి. నాకు ఆ చోటు కావాలి. నీకంటే నాదే నయం, నా మనిషి నా పక్కనే ఉంది."

ఆ మాట నాకు రెండు వారాలు గుచ్చుకుంది.

రెండు వేల తొమ్మిది జులైలో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి జంటలు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదంది. ఆ ఆదివారమే అయ్యగారు ప్రసంగంలో, ఇలాంటి పాపానికే దేవుడు నిప్పు కురిపించాడని సొదొమ పట్టణం మాట ఎత్తారు. సంఘం ఆమేన్ అంది. అమలమ్మ లేవబోతే తెరేసమ్మ ఆమె తొడ మీద చెయ్యేసి నొక్కిపట్టింది.

అక్టోబరులో కృష్ణకి వరదొచ్చింది. కృష్ణలంక జనాన్ని తెచ్చి స్కూళ్లలో పెట్టారు. చర్చి తరఫున పులిహోర పొట్లాలు కట్టే పని వీళ్లిద్దరి మీద పడింది, చేశారు. వరద తీశాక సంఘం సెక్రటరీ అబ్రహాముగారు మైకు పట్టుకుని, "పెళ్లీ పెటాకులూ లేకుండా ప్రభువు సేవకే అంకితమైన మన అక్కాచెల్లెళ్లు" అని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అమలమ్మ ఇంటికొచ్చి, మిషను మీద గుడ్డ కప్పేసి, చెప్పులేసుకుని ఒక్కతే అయ్యగారి బంగళాకి వెళ్లింది. ట్రంకుపెట్టె వచ్చిన నవంబరు రెండో ఆదివారం మా పెళ్లిరోజు, అందరినీ పిలిచినట్టే మమ్మల్నీ పిలవండి అని అడిగింది. అయ్యగారు వెంటనే కాదనలేదు. ఇద్దరు అక్కాచెల్లెళ్ల సహవాసం కోసం అని చెప్పి ప్రార్థిస్తానమ్మా అన్నారు.

ఇదీ ఆ సగం. గిన్నె పడింది దీని మీదే.

మర్నాడు పొద్దున్నే అమలమ్మ మా గుమ్మంలో నిలబడింది. "ఏరా, అంతా విన్నావుగా. రా నాతో."

"నేనెందుకు ఆంటీ?"

"చదువు లేదు, ఉద్యోగం లేదు. నిన్నెవరు ఏం పీకుతారు? నువ్వే రావాలి."

"నేను రాను, రాను" అంటూనే తెరేసమ్మ కూడా గొడుగు తీసుకుని వెనకాల వచ్చింది.

బంగళా ముందు గదిలో అయ్యగారితో పాటు అబ్రహాముగారు కూడా ఉన్నారు. మమ్మల్ని చూడగానే ఆయన పేపరు మడిచారు. "అమలమ్మా, ఇంకా ఆ మాటేనా? అయ్యగారు దయతలచి ఒక దారి చూపించారు కదమ్మా."

"అక్కా చెల్లెళ్ల దారి మాకొద్దండీ. మాకు పెళ్లి చేయండి. చట్టం ఒప్పుకోదని తెలుసు, కాగితం అడగట్లేదు. సంఘం ముందు నిలబెట్టి ప్రార్థన చేయండి. అది మీ వల్ల కాదంటే, ఆ ఆదివారం పెళ్లిరోజని మా పేర్లయినా పిలవండి."

"వాక్యం ఒప్పుకోదు" అన్నారు అబ్రహాముగారు.

"మీ చిన్నమ్మాయి ఆర్‌సీఎం అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడూ ఒప్పుకోలేదండీ. అప్పటి పెద్దలు ఈ గదిలోనే వచనాలు చూపించారు, మీరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాలుగు నెలలకి అదే వాక్యం ఒప్పుకుంది. ఆ పిల్ల వెయిలు నేనే కుట్టాను."

అబ్రహాముగారి మొహం ఎర్రబడింది. "అది వేరు, ఇది వేరు."

"ఎంత వేరండీ? మొగుడూ పెళ్లాం రెండు వైపుల బెంచీల నుంచి లేచి వస్తారు. మేము ఒకే వైపు నుంచి లేస్తాం. నాకు కనబడే తేడా అంతే."

నాకు నోరు ఆగలేదు. "జయపాల్ పెళ్లాన్ని గాడిదంటాడు. ఆయనకి ప్రార్థన ఎప్పుడైనా ఆపారా?"

"మధ్యలో నువ్వెవరివిరా? ముందు ఆ డిగ్రీ పూర్తి చెయ్యి."

"వాడు మా తరఫు" అంది అమలమ్మ. "పెళ్లి మాటలకి మా వైపు నుంచి ఒక్కడైనా ఉండాలిగా."

అయ్యగారు నవ్వబోయి ఆగారు. మెల్లగా అడిగారు. "అమలమ్మా, నిజం చెప్పు. ఇది ప్రభువు మహిమ కోసం అడుగుతున్నావా, నలుగురినీ చూసి ఓర్వలేక అడుగుతున్నావా?"

ఈ ప్రశ్నకి ఎవరైనా మహిమ అనే చెప్తారు. అమలమ్మ చెప్పలేదు.

"ఓర్వలేకే అయ్యగారూ. ప్రతి ఆదివారం కుళ్లి చస్తున్నా. ఆ జంటల్ని చూసి, మీరు వాళ్ల తల మీద పెట్టే చెయ్యి చూసి. అసూయ పాపమని మీరే చెప్పారు, ఒప్పుకుంటున్నా. దీనికి మందు మీ దగ్గరే ఉంది. ఆ చెయ్యి ఒక్కసారి నా తల మీదా, దీని తల మీదా పెట్టండి. ఇంకో మాట. నేను ముసలిదాన్నవుతున్నా, ఎలాగో పడి ఉంటాను. జులైలో మీ ప్రసంగం విన్న దగ్గర్నుంచి గుడి మెట్లెక్కని కుర్రాళ్లున్నారు. పేర్లు చెప్పను. వాళ్లకీ మీ సంఘంలో చోటుందని ఎవరు చెప్పాలి? కుట్టుమిషను దాన్ని, నేను చెప్తే నమ్ముతారా?"

అప్పటిదాకా గొడుగు పట్టుకుని గుమ్మం దగ్గరే ఉన్న తెరేసమ్మ లోపలికి వచ్చింది.

"అయ్యగారూ, పోయినేడు నాకు ఆపరేషన్ అయింది, గుర్తుందా? మీరొచ్చి ప్రార్థన చేశారు. అంతకుముందు ఇది సంతకం పెట్టేటప్పుడు, ఈమె మీకేమవుతుందని ఆస్పత్రివాళ్లు అడిగారు. మా అక్క అన్నాను. వాళ్లు వెంటనే సరే అన్నారు. నన్ను లోపలికి తోసుకెళ్తుంటే అదే ఆలోచన. ఒకవేళ పోతే నేను ఈ లోకంలో ఆఖరుగా ఆడిన మాట అబద్ధం, అదీ దీని గురించి. నిన్న సగం తీసుకోమని దీంతో పోట్లాడాను. నేనూ తీసుకోను."

అమలమ్మ ఆమె వైపు తిరిగింది. "ఈ ముక్క నాకెందుకు చెప్పలేదే? కొండ మీద చెప్పావా?"

"ఇక్కడ కాదే" అంది తెరేసమ్మ.

అయ్యగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పెళ్లి నేను చేయలేను. పేర్లు పిలవలేను. పిలిస్తే వచ్చే నెల ఈ బంగళాలో ఇంకొకరుంటారు. ఆ ఆదివారం ఎప్పటిలాగే, పెళ్లిరోజులున్నవాళ్లు ముందుకు రావాలి అంటాను. ఎవరు లేస్తారో నేను ముందుగా అడగను. వచ్చినవాళ్ల తల మీద చెయ్యి పెట్టకుండా ఉండను."

అబ్రహాముగారు లేచారు. "మీ చెయ్యి మీ ఇష్టం అయ్యగారూ. సంఘం నోరు మాత్రం తెరవనివ్వను. ఇవాళే క్వైరుకి చెప్తాను. ఒక్కరూ పాడరు." చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్లిపోయారు.

ఎండలో ముగ్గురం నడిచొచ్చాం. వాళ్లిద్దరూ ఒకే గొడుగు కింద. తెల్లచీర ఎవరు కట్టుకోవాలని అప్పుడే తగువు మొదలైంది. ఇద్దరూ కడితే బ్యాండుమేళం వాళ్లలా ఉంటామని తెరేసమ్మ, నీ నల్లటి ఒంటికి తెల్లచీరే బాగుంటుందని అమలమ్మ. నేను వెనకాల ఎండలో. మళ్లీ మండింది నాకు. జెస్సికాని చూసినప్పటి మంట కూడా ఇంత లేదు. ఊరంతా ఒకవైపుండగా చీర రంగు మీద పోట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలి, అది నాకు లేదు.

గేటు దగ్గర తెరేసమ్మ తాళం తీసి లోపలికి వెళ్లింది. అమలమ్మ ఆగింది.

"ఏరా, ఆయన అన్నంత పనీ చేస్తాడు. క్వైరు పాడదు. మీ అమ్మా పాడదు, ఆమెని నేనేమీ అనుకోను. అయ్యగారు చెయ్యి తీశాక మేమిద్దరం ఆ చివరి బెంచీ దాకా నోరు మూసుకున్న జనం మధ్య నుంచి నడవాలి. తెరేసకి అది పడదు, మధ్యలో కూలబడుతుంది. నువ్వు పాడితే కాకి అరిచినట్టుంటుందని నాకు తెలుసు. అయినా ఆ దీవెన పాట నువ్వెత్తుకోరా. ఎవరూ కలవకపోయినా ఆపకు, మేము కూర్చునేదాకా పాడు."